వెనక్కి వాలిన అక్షరాలు

మేడమీది గది నుంచి,
సోమవారం పొద్దున

అక్కా,

ప్రతి ఆదివారం ఫోనులో మాట్లాడుకుంటూనే ఉన్నాం కదా, మళ్ళీ ఈ ఉత్తరం ఏమిటనుకుంటావు. ఫోనులో నువ్వొక్కదానివే వినవు. బావ స్పీకరు పెట్టించి పక్కనే కూర్చుని "ఏమంటోంది, ఏమంటోంది" అంటూ ఉంటాడు. ఈ సంగతి బావ వినకూడదు. నెల రోజులుగా చెబుదామనుకోవడం, "అంతా బాగానే ఉంది" అని పెట్టెయ్యడం. పొద్దున ప్రార్థనకి కళ్ళు మూసుకుంటే ఆ మాటే ముల్లులా గుచ్చుకుంటోంది. అందుకే ఇన్నేళ్ళ తర్వాత నీకు రాయడానికి కలం పట్టాను.

నా పని నీకు తెలిసిందే. ఆయన పోయాక, ఆ వెనకే ప్రెస్సులో కంపోజింగు ఉద్యోగం కూడా పోయాక, ప్రెస్సాయన దయతలిచి రాతపని ఇస్తున్నాడు. ఎవరైనా చనిపోతే, ఆ మనిషి బతుకంతా ఒక చిన్న పుస్తకంగా వేయించుకునేవాళ్ళు ఉన్నారు. నేను ఆ ఇంటికి వెళ్ళి, వాళ్ళు చెప్పుకునేవి విని, నలభై పేజీలు రాసిస్తాను. పుస్తకం మీద నా పేరుండదు. వెయ్యమని నేనూ అడగలేదు. హైస్కూలు దాటని మనిషి పేరు ఎవరిక్కావాలి?

ఉద్యోగమైతే గంట కొట్టగానే చేతులు వాటంతటవే కదిలేవి. ఇప్పుడు గంట కొట్టేవాళ్ళు లేరు. కుర్చీలో కూర్చోగానే "నువ్వెవరివి రాయడానికి?" అని లోపల ఒక గొంతు మొదలవుతుంది. లేచి, కడిగిన గ్లాసులే మళ్ళీ కడుగుతాను. ఒకరోజు పదకొండు పెన్సిళ్ళు చెక్కాను, ఒక్క వాక్యం రాయలేదు. అందుకని నాకు నేనే ఒక పద్ధతి పెట్టుకున్నాను. ప్రార్థన అవగానే అలారం మూడు గంటలకి తిప్పి కూర్చుంటాను. మోగేదాకా లేవను. మోగగానే, ఎంత బాగా సాగుతున్నా సరే, వాక్యం మధ్యలో ఆపేస్తాను. మర్నాడు ఖాళీ కాగితం ముందు బెదిరిపోకుండా, సగంలో ఉన్నదాన్ని పూర్తి చెయ్యడంతో మొదలుపెట్టొచ్చు కదా అని. ఈ పద్ధతితోనే మూడు పుస్తకాలు గట్టెక్కించాను.

ఇప్పుడు రాస్తున్నది ఒక కుట్టుపని టీచరుగారి గురించి. ఈ వీధుల్లో మిషను తొక్కే ఆడవాళ్ళలో సగంమంది ఆవిడ దగ్గర నేర్చుకున్నవాళ్ళే. పోయి ఏడాది కావస్తోంది. ఏడాది నాడు శిష్యురాళ్ళంతా ఆవిడ కుట్టు నేర్పిన బడి హాల్లో కలుస్తారట, ఆ రోజుకి పుస్తకం చేతిలో ఉండాలి.

నెల కిందట ఒక మంగళవారం, "టీచరుగారు కత్తెర చేతిలోకి తీసుకుంటే" అని రాసేసరికి అలారం మోగింది, ఆపేశాను. బుధవారం పొద్దున చూస్తే, ఆ వాక్యం పక్కన ఇలా ఉంది: "గుడ్డ కూడా ఊపిరి బిగబట్టేది."

అది నేను రాయలేదు అక్కా.

లోపల గడియ పెట్టింది పెట్టినట్టే ఉంది. మొదట ఆయనేమో అనుకున్నాను. ఆయన చేతిరాత ఉన్న పాత చీటీలు తీసి పక్కన పెట్టి చూశాను. కాదు. కాదని తెలిశాక కాసేపు ఏడుపొచ్చింది, ఎందుకో చెప్పలేను. ఆ రోజు నుంచి నేను సగంలో వదిలిన ప్రతి వాక్యం తెల్లారేసరికి పూర్తయి ఉంటోంది. అన్నీ నా వాక్యాలకంటే బాగున్నాయి. వాటి పక్కన నావి ఉప్పులేని కూరలా ఉన్నాయి.

ఎనిమిదో తరగతిలో వ్యాసం పోటీ గుర్తుందా? సగం రాసి, పుస్తకం మీదే నిద్రపోయాను. పొద్దున లేచేసరికి పూర్తయి ఉంది. "నేనే రాసిపెట్టానే, మొద్దూ. చేతిరాత తేడాగా ఉందంటే తొందరలో రాశానని చెప్పు" అన్నావు. కాగితం అడుగున చిరిగి ఉందని ఒక మార్కు తగ్గించారు, అయినా మొదటి బహుమతి నాకే వచ్చింది. స్టేజీ మీద చప్పట్లు వింటుంటే, ఎవరిదో గౌను దొంగిలించి వేసుకున్నట్టనిపించింది. అప్పటినుంచీ నా రాత మీద నాకు నమ్మకం లేదు.

ఇప్పుడు మళ్ళీ ఎవరో రాసిపెడుతున్నారు. ఈసారి నువ్వు కాదు కదా.

నీ చెల్లి


వెనక వరండా నుంచి,
శుక్రవారం

ఒసేయ్ పిచ్చుకా,

నీ ఉత్తరం మీ బావ కంట పడకుండా నా మోకాలి మాత్రల డబ్బాలో దాచాను. ఆ డబ్బా జోలికి ఆయన రాడు, తెరిస్తే తనకీ నొప్పులొస్తాయని భయం.

ముప్ఫై రెండేళ్ళు నర్సుగా చేసినదానికి దయ్యాల కథలు చెబుతున్నావా? నిద్రలో నడిచేవాళ్ళని నేనెంతమందిని చూడలేదు! ఒకాయన ఆపరేషనైన మూడోరోజు లేచి, వార్డులో అన్ని మంచాల కిందా చీపురు పెట్టి ఊడ్చి, వచ్చి బుద్ధిగా పడుకున్నాడు. పొద్దున వాళ్ళావిడకి చెబితే నెత్తి కొట్టుకుంది. "మెలకువలో ఉన్నప్పుడు తాగిన గ్లాసు కూడా తియ్యడమ్మా, ఈ పని ఇంట్లో చెయ్యకూడదూ!" అంది.

కాబట్టి నేను చెప్పినట్టు చెయ్యి. పడుకునే ముందు కుర్చీ చుట్టూ మొహం పౌడరు చల్లు. పొద్దున అడుగులు ఎవరివో చూడు. నీవే అయితే డాక్టరు దగ్గరికి వెళ్ళు. నీవి కాకపోతే మా ఇంటికి వచ్చెయ్.

ఇంక ఆ లోపలి గొంతు సంగతి. ఈసారి "నువ్వెవరివి" అని అడిగితే, మా అక్క నంబరు ఇస్తాను, ఆవిడతో మాట్లాడుకో అని చెప్పు. నేను చూసుకుంటాను.

వ్యాసం గొడవ ఇప్పుడెందుకే? ముప్ఫై ఏడేళ్ళ నాటిది. వదిలెయ్.

ఆ రాత అక్షరాలు ఎటు వాలి ఉన్నాయి? కుడికా, ఎడమకా? ఊరికే అడుగుతున్నాను.

అక్క


మేడమీది గది నుంచి,
బుధవారం

అక్కా,

పౌడరు చల్లాను. అడుగులు నావే. మంచం నుంచి కుర్చీకి, కుర్చీ నుంచి మంచానికి. మనిషి తడుముకుంటూ నడిచినట్టు లేదు, దారి బాగా తెలిసిన మనిషి నడిచినట్టుంది. పోనీలే, వేరే ఎవరూ కాదు అని ఊపిరి పీల్చుకుని చేతులు కడుక్కోబోతే, ఎడంచేతి బొటనవేలికీ చూపుడు వేలికీ సిరా.

ఎడంచేత్తో నేను గరిటె కూడా తిప్పలేను అక్కా.

అక్షరాలు ఎడమకే వాలి ఉన్నాయి. ఎదురుగాలికి వెనక్కి వంగిన మొక్కల్లా. నువ్వు ఎందుకడిగావు?

నిన్న పడుకునే ముందు, నోటితో ముడి బిగించి, ఎడమ చెయ్యి స్కార్ఫుతో మంచం కోడుకి కట్టుకున్నాను. పొద్దున ఆ స్కార్ఫు నాలుగు మడతలు పెట్టి కుర్చీ మీద ఉంది. బాగా ఇస్త్రీ చేసినంత పొందికగా. నేను నా జన్మలో అంత పొందికగా ఏ గుడ్డా మడత పెట్టలేదు. వాక్యం మాత్రం పూర్తయి ఉంది.

ఆ వాక్యం గురించే ఈ ఉత్తరం. శ్రద్ధగా చదువు.

టీచరుగారికి ఒక్కతే కూతురు, ఏడేళ్ళకి జ్వరంతో పోయింది. టీచరుగారి భర్త రిటైరైన రైలు గార్డు. అంతా చెప్పి, చివర్లో గొంతు తగ్గించి ఆయనన్న మాట ఇది: "పిల్ల పోయిన వారానికే దాని బట్టలు, బొమ్మలు, పలక, అన్నీ మూటకట్టి ఇచ్చేసింది తల్లీ. ఒక్క రిబ్బను ముక్క ఉంచలేదు. అంత రాయి గుండె అనుకోలేదు. ముప్ఫై ఒక్క ఏళ్ళు పక్కనే బతికాను గానీ, ఆ ఒక్కటీ క్షమించలేకపోయాను. అది పుస్తకంలో రాయకు." సరేనన్నాను. కానీ ఆ పిల్ల గురించి ఏమీ రాయకుండా పుస్తకం ముందుకు నడవడం లేదు. నిన్న "కూతురు పోయాక టీచరుగారు ఆ పిల్ల వస్తువులన్నీ" అని ఊరికే రాసుకున్నాను. అలారం మోగింది.

ఈ పొద్దున దాని పక్కన ఇలా ఉంది: "ఇచ్చేశారు, నాలుగు పాలపళ్ళు తప్ప. అవి మిషను పక్క కిటికీ తెర అంచులో పెట్టి కుట్టుకున్నారు, కుట్టేటప్పుడు మోచేతికి తగిలేలా."

పాలపళ్ళ మాట ఆ ఇంట్లో ఎవరూ నాతో అనలేదు. ఆ పెద్దాయనకి ఈ మాట ఎలా చెప్పను? అబద్ధమైతే, ఆవిడ చేత్తో కుట్టిన తెర చింపించి, ఆయన గుండె రెండోసారి చింపినదాన్నవుతాను. నిజమై నేను చెప్పకపోతే, ఆయన అదే కోపంతో పోతాడు. ఎనభై దాటిన మనిషి.

నేను నమ్మదగిన రచయితనైతే ఈ తిప్పలు ఉండేవి కావు. రాసేది నేను కాదు అక్కా. పోటీలో రాసింది నువ్వు, ఇప్పుడు రాస్తున్నది ఏదో. మధ్యలో నేను కాగితం పట్టుకుని నిలబడేదాన్ని. శనివారం వెళ్ళి ప్రెస్సాయనకి కాగితాలు తిరిగి ఇచ్చేస్తాను. ఈ పుస్తకమే కాదు, ఇక ఏదీ రాయను.

చెల్లి


వెనక వరండా నుంచి,
గురువారం, ఉత్తరం అందిన గంటకే

పిచ్చుకా,

శనివారం ప్రెస్సుకి వెళ్ళకు. ఇది కూడా నీలాగే కొరియరులోనే పంపిస్తున్నాను. మీ బావ అడిగితే మాత్రల చీటీ అన్నాను.

నువ్వు పుట్టుకతో ఎడంచేతివాటం పిల్లవి. నీకు గుర్తుండదు. గోడల మీద బొగ్గు, నేల మీద సుద్ద, ఏది దొరికినా ఆ చేత్తోనే గీసేదానివి. బళ్ళో కొడతారని అమ్మ భయపడి, నీ గౌను ఎడమ చెయ్యి నడుముకి పిన్నీసుతో గుచ్చేసేది. రెండేళ్ళు అలాగే తిరిగావు. ఆ తర్వాత పిన్నీసు తీసేసినా ఆ చెయ్యి పైకి లేవలేదు.

ఇక వ్యాసం. అది నేను రాయలేదే.

ఆ తెల్లవారుజామున మంచినీళ్ళకి లేచాను. ముందుగదిలో నువ్వు బల్ల దగ్గర కూర్చుని ఉన్నావు. నా వైపు వీపు. దీపం లేదు, కిటికీ లోంచి వచ్చే కాస్త వెలుతురే. పిలిచాను, పలకలేదు. పక్కకి జరిగి చూస్తే కళ్ళు తెరిచే ఉన్నాయి, కానీ కాగితాన్ని చూడటం లేదు. ఎడమ చెయ్యి రాస్తోంది. ఎంత వేగంగా రాస్తోందంటే, ఎన్నాళ్ళో నోరు మూసి ఉంచిన మనిషి మాట్లాడినట్టు. తలుపు దగ్గరికి వెనక్కి నడిచి అక్కడే నిలబడిపోయాను. రాయడం అయ్యాక నువ్వు లేచి, నన్ను దాటుకుని వెళ్ళి పడుకున్నావు. నీ చెయ్యి నాకు తగిలింది. వెచ్చగానే ఉంది.

వెళ్ళి కాగితం చూశాను. వ్యాసం పూర్తయింది. దాని కింద ఇంకో వరస ఉంది. అది చదివి, ఆ ముక్క చింపేశాను. పొద్దున నువ్వు అడిగితే నేనే రాశానన్నాను.

భయం వల్ల అన్నానని చెప్పుకుంటే బాగుంటుంది. సగం భయమే. మిగతా సగం, అంత బాగా నువ్వు రాశావంటే ఓర్వలేకపోయాను. నేను పదిహేడేళ్ళదాన్ని, క్లాసులో తెలివైనదాన్నని పేరు నాది. ఆ రోజు స్టేజీ మీద నీ మొహం పాలిపోయి ఉంది. నేను ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొట్టాను. తర్వాత చెబుదామనుకున్నాను. తర్వాత నువ్వు అడగలేదు. నేను నోరు తెరవలేదు.

చింపిన ముక్క పారెయ్యలేకపోయాను. ముప్ఫై ఏడేళ్ళు నా నర్సింగు సర్టిఫికెట్ల మధ్య ఉంది. ఇందులో పెడుతున్నాను. చదువు. ఎటు వాలి ఉందో చూడు.

నా మీద కోపగించుకో. కానీ ఆ చేతిని కట్టెయ్యకు. ఒకసారి కట్టేశాం, చాలు.

అక్క


మేడమీది గది నుంచి,
శనివారం

అక్కా,

నీ ఉత్తరం, ముక్క, రెండూ అందాయి. ఇప్పుడు నీకేమీ రాయలేను. ప్రార్థనలో కూడా నీ పేరు దగ్గర ఆగిపోతున్నాను.

ప్రెస్సుకి వెళ్ళలేదు.


వెనక వరండా నుంచి,
మంగళవారం

పిచ్చుకా,

ఆదివారం ఫోను మోగలేదు. మీ బావ "ఏమంటోంది?" అని అడగడానికి ఎవరూ లేక, రేడియో వాడిని అడిగాడు. నేను నవ్వలేదు.

రెండు పేజీల తిట్లు రాసి పంపు. ఏ చేత్తో రాసినా సరే.

అక్క


మేడమీది గది నుంచి,
సోమవారం పొద్దున

అక్కా,

నీ ఉత్తరం వచ్చి నెలైంది. అప్పుడే తిట్లు రాద్దామని కూర్చున్నాను. అరపేజీ కూడా రాలేదు. నువ్వు పంపిన ముక్క బల్ల మీద ఉంది. దాన్ని చూస్తే కోపం నిలవడం లేదు. "అక్క తలుపు దగ్గర నిలబడి ఉంది. దాని పాదాలకి చలి." నీకు వీపు పెట్టి కూర్చుని ఆ చెయ్యి ఇది రాసిందంటే నాకు వెన్ను జలదరిస్తుంది. అంతలోనే, నీ పాదాల చలి గురించి పట్టించుకున్న చెయ్యి చెడ్డది ఎలా అవుతుంది అనిపిస్తుంది.

ముప్ఫై ఏడేళ్ళు అక్కా. నా వాక్యం నాదేనని ఒక్కరు చెప్పి ఉంటే, ఎన్ని పెన్సిళ్ళు మిగిలేవో. ఈ ఒక్కమాటతో నా కోపం చెల్లు. ఇక దాని ఊసెత్తను, నువ్వూ ఎత్తకు.

నీ ఉత్తరం అందాక వచ్చిన బుధవారమే గార్డుగారి ఇంటికి వెళ్ళాను. మొదటిసారి వెళ్ళినప్పుడు నన్ను మిషను ముందున్న స్టూలు మీదే కూర్చోబెట్టారని అప్పుడు గుర్తొచ్చింది. ఆ మొదటి రోజు గంటన్నర ఆయన మాటలు కుడిచేత్తో రాసుకున్నాను. ఎడమ చెయ్యి ఖాళీగా కిటికీ తెర పక్కన ఉంది. అది ఆ గంటన్నరా ఏం చేసిందో నాకు తెలియదు.

ఈసారి ఆయన మంచినీళ్ళు తెచ్చి "పుస్తకం అయిపోయిందా తల్లీ?" అన్నారు.

"ఒక్క వాక్యం మిగిలిందండీ. ఈ తెర అంచు ఒకచోట విప్పి చూడనిస్తారా?"

"తెరా? ఎందుకూ?"

"నా చేతికి ఏదో తగిలింది" అన్నాను.

ఏదో రాసింది అనలేదు, ఎవరో చెప్పారు అనలేదు. నా చెయ్యి అన్నాను. లోపలి గొంతు "నువ్వెవరివి, ముసలాయన తెర చింపడానికి?" అంటూనే ఉంది. నీ నంబరు ఇచ్చాను. ఊరుకుంది.

ఆయన నీళ్ళ గ్లాసు కింద పెట్టారు. తర్వాత మిషను సొరుగులోంచి టీచరుగారి చిన్న కత్తెర తీసి నా చేతిలో పెట్టారు. "ఆవిడ కుట్టు విప్పడం అంత సులువు కాదు, జాగ్రత్త" అన్నారు. నిజమే, కుట్టు కంటికి ఆనలేదు. వేళ్ళతో తడిమి చూసుకుంటే, మిషను మీద కుట్టేవాళ్ళ మోచెయ్యి ఆనే చోట, అంచు కాస్త మందంగా ఉంది. పది కుట్లు విప్పాను. పలచటి మల్లు గుడ్డ పొట్లం జారి ఆయన అరచేతిలో పడింది.

నాలుగు. బియ్యపు గింజలకంటే కాస్త పెద్దవి.

ఆయన ఏడవలేదు. ఒక్కొక్కటీ వేలితో జరుపుతూ, "ఇది పైది. ఇది నేనే పీకాను, దారం కట్టి. రెండు రోజులు నాతో మాట్లాడలేదు" అన్నారు. ఖాళీ స్టూలు వైపు చూసి, "చెప్పొచ్చు కదుటే" అన్నారు. అంతే. నేను గడప దిగి వచ్చేశాను.

తెర అంచులో గట్టిగా ఏదో ఉందని చేతికి తగిలిందంటే సరే. అవి పాలపళ్ళని, నాలుగని దానికెలా తెలుసు? దేవుణ్ణి అడిగాను. ఒక్కసారే. నేను రెట్టించలేదు. కొన్ని ఆయన దగ్గరే ఉండనీ.

గార్డుగారే మర్నాడు ప్రెస్సుకి కబురు పెట్టారు, కూతురి సంగతి పుస్తకంలో రాయమని, తెర సంగతి కూడా. ఆ అధ్యాయం నేను ఒక్క పూటలో రాశాను, మెలకువలో, వెలుతురులో, కుడిచేత్తో. ఏడాది నాడు హాల్లో ఒక శిష్యురాలు పైకి చదువుతుంటే, వరసగా కూర్చున్న ఆడవాళ్ళంతా మోచేతులు తడుముకోవడం చూశాను. అంతకుముందు, అచ్చుకి వెళ్ళే రోజున, ప్రెస్సాయన ఎప్పటిలాగే ప్రూఫు తెచ్చి, "అట్ట మీద పేరు మామూలే కదా, ఖాళీయే కదా?" అన్నాడు. "వెయ్యండి" అన్నాను. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ అడిగాడు. మళ్ళీ అదే చెప్పాను.

ఇప్పుడు ఈత నేర్పే ఒకాయన గురించి రాస్తున్నాను. ఆ గొంతు పోలేదు, పోదు కూడా. రోజూ వస్తుంది. వచ్చి కూర్చోనీ అని నా పని నేను చేసుకుంటున్నాను. రోజుకి రెండు పెన్సిళ్ళే చెక్కుతున్నాను. ప్రార్థన, అలారం, మూడు గంటలు, సగం వాక్యం. అలారం మోగాక మాత్రం కలం ఎడంచేతిలోకి మార్చి, కళ్ళు తెరుచుకునే, ఒక వరస రాయనిస్తాను. కోడిగీతలు వస్తాయి, పసిపిల్ల రాసినట్టు. అయిదేళ్ళ పిల్ల ఆగిన చోటు నుంచే కదా మొదలుపెట్టాలి. తెల్లవారుజామున లేచి రాయడం వారంగా ఆగిపోయింది.

ఆగిపోయిందనే అనుకున్నాను. నిన్న ఈ ఉత్తరం ఇక్కడిదాకా రాసి, అలవాటుకొద్దీ "అక్కా, నువ్వు ఇది చదివేటప్పటికి" అని సగంలో ఆపి పడుకున్నాను. ఈ పొద్దున దాని పక్కన, వెనక్కి వాలిన అక్షరాల్లో, ఇప్పుడు కాస్త పొందికగా, ఇలా ఉంది:

"వరండా మెట్ల మీద కూర్చుని ఉంటావు. కుడికాలి చెప్పు బావ వేసుకుపోయి ఉంటాడు. పాదాలకి చలి. కప్పుకో."

అది కొట్టెయ్యకుండా అలాగే పంపుతున్నాను. నా చేతిరాతే కదా.

నిజమైతే నాకు రాయకు అక్కా. ముందు పాదాలు కప్పుకో. ఆ ముక్కతో కలిపి ఈ కాగితాలన్నీ నీ మాత్రల డబ్బాలోనే ఉంచు. పారెయ్యకు. ఎవరికీ చూపించకు, నేను పోయాక నా గురించి ఎవరైనా పుస్తకం రాయడానికి వచ్చినా సరే.

నీ పిచ్చుక